విమానం వినబడని రికార్డింగు

ఆదివారం పొద్దున ఏడు దాటింది. వంటింట్లో కౌసల్యమ్మ సర్వపిండి ముద్దను గిన్నె అడుగున వేళ్లతో అద్దుతోంది. వాకిట్లో కుర్చీ వేసుకుని ఆమె భర్త దశరథం పేపరు చదువుతున్నాడు. ఇంటి మీదుగా విమానం ఒకటి కిందికి దిగుతూ పోయింది. అల్మారాలో గ్లాసులు సన్నగా వణికి ఊరుకున్నాయి. శంషాబాద్‌లో ఆ గల్లీ వాళ్లెవరూ ఆ మోతకు తలెత్తి చూడరు. మాట మధ్యలో విమానం వస్తే ఆగుతారు, అది పోయాక మిగతా సగం పూర్తి చేస్తారు.

ఆ ఇంట్లో విమానాలను పట్టించుకునేది కోడలు అనుపమ ఒక్కతే. వెనక గదిలో మంచం అంచున కూర్చుని, ఫోను చెవికి ఆనించుకుని వింటోంది. అవతల మాట్లాడుతున్నది షుజాత్. పాటలకు సంగీతం కూర్చే మనిషి, సిటీలో చిన్న స్టూడియో నడుపుతాడు.

"అనుపమా, నీ చెయ్యి బాగుంది. బిల్కుల్ తప్పు లేదు. కానీ రెండో చరణంల మళ్లీ విమానం వచ్చింది. పాటల పిల్ల పొలం గట్టు మీద నడుస్తుంటది, నెత్తి మీదికెల్లి విమానం పోతే ఎట్లుంటది చెప్పు?"

"సారీ షుజాత్ భాయ్. ఇంకొక్కసారి వాయించి పంపిస్త."

"స్పీకర్ ముంగట మైకు పెట్టినన్ని రోజులు నీకు ఇదే పరేషాన్. ఆంప్ నుంచి వైరు సీదా ఇంటర్‌ఫేస్‌కు ఇయ్యి. మైకే లేకపోతే విమానం ఏడికెల్లి వస్తది? ఒంటిగంటకు మిక్సింగ్ మొదలుపెడుతున్న. అప్పటిదాంక రాకపోతే నన్ను ఏమనొద్దు. వేరే అబ్బాయి రెడీగ ఉన్నడు."

ఫోను పెట్టేసి అనుపమ టేబుల్ వైపు చూసింది. దాని మీద రొట్టెల డబ్బా అంత నల్లటి డిజిటల్ ఆంప్. గిటారు శబ్దానికి రంగూ రుచీ ఇచ్చేది అదే. దాని పక్కన నేల మీద స్పీకర్ పెట్టె. రెంటినీ కలుపుతూ ఒక పొట్టి వైరు. ల్యాప్‌టాప్ దగ్గర అరచెయ్యంత ఎర్ర పెట్టె, అది ఆడియో ఇంటర్‌ఫేస్. బయటి శబ్దాన్ని కంప్యూటర్‌కు అందించేది అది. ఇన్నాళ్లూ స్పీకర్‌కు ఎదురుగా మైకు పెట్టి రికార్డు చేసేది. గిటారుతో పాటు విమానాలు, కుక్కర్ ఈలలు, పక్కింటి బోరు మోటారు అన్నీ ఆ మైకులో పడేవి.

షాద్‌నగర్‌లో డిగ్రీ చదివే రోజుల నుంచి ఆమెకు గిటారు తప్ప వేరే ధ్యాస లేదు. పెళ్లై రెండేళ్లయింది. శనివారాలు ఒక బళ్లో పిల్లలకు నేర్పుతుంది. పాటలో వాయించే అవకాశం రావడం ఇదే మొదటిసారి. ఆంప్ నుంచి నేరుగా ఇవ్వడానికి ఇంకో వైరు కావాలి. అది తన దగ్గర లేదు. తన దగ్గర గిటారు నేర్చుకునే తహ్రీమ్ వాళ్లింట్లో అలాంటిదొకటి ఉంది.

మంచం మీద భర్త గోవర్ధన్ ఫోను చూస్తూ పడుకున్నాడు. విమానాశ్రయం కార్గోలో పని. ఆ రోజు సెలవు.

"నేను తహ్రీమ్ వాళ్లింటికి పోయి వస్త. ఒంటిగంట లోపల పంపించాలె," అంది అనుపమ.

"పో మరి. అంత పరేషాన్ ఎందుకు?"

ఆ మాట ఆమెకు చురుక్కుమంది. "రెండేండ్లల్ల ఒక్కసారన్న ఈ టేబుల్ దగ్గరికి వచ్చి ఏం చేస్తున్నవని అడిగినవా గోవర్ధన్? మీ బాపు నేను గిటారు పట్టుకుంటే చాలు లేచి మిద్దె మీదికి పోతడు. నువ్వేమో పక్కన్నే ఉండి కూడా లేనట్టే ఉంటవు. మీ ఇద్దర్ల ఎవరు నయం?"

జవాబు కోసం ఆగకుండా చెప్పులేసుకుని వెళ్లిపోయింది. వాకిట్లో దశరథం పేపరు నుంచి తలెత్తలేదు. ఆ ముసలాయన సంగతే ఆమెకు ఎక్కువ కష్టం. ముప్పై ఐదేళ్లు మైక్ సెట్ నడిపిన మనిషి. చుట్టుపక్కల పెళ్లిళ్లకు, బాలాపూర్ దాకా గణపతి మండపాలకు ఆయన పెట్టెలే పోయేవి. రెండేళ్ల కింద, ఆమె కాపురానికి వచ్చిన కొత్తలోనే, ఉన్నట్టుండి సామానంతా అమ్మేసి "ఇగ చాలు" అన్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు. అప్పటి నుంచి మాటా తక్కువే. శబ్దంతో బతికిన మనిషికి కోడలి గిటారు అంత చేదయిందా అని ఆమె లోలోపల కుమిలిపోయేది.

*

తహ్రీమ్ ట్యూషన్ నుంచి వచ్చేదాకా కూర్చోవలసి వచ్చింది. వైరు చుట్టి సంచిలో వేసుకుని అనుపమ ఇల్లు చేరేసరికి పదింబావు. గడప దాటగానే ముక్కుకు కాలిన వాసన తగిలింది. ప్లాస్టిక్ కమిలిన వాసన. వెనక గదిలోకి పరుగెత్తింది.

టేబుల్ ముందు దశరథం నిలబడి ఉన్నాడు. ఆయన చేతిలో పొట్టి వైరు కొస ఉంది. స్పీకర్ పెట్టెకు ఉండాల్సిన కొస. రెండో కొస ఇంకా ఆంప్ వెనకాల స్పీకర్ సాకెట్‌లోనే ఉంది. ఇంటర్‌ఫేస్ మీద మొదటి సాకెట్ దగ్గర ఎర్ర లైటు ఆరకుండా మండుతోంది.

స్పీకర్‌ను కదిలించే అంత జోరును ఆ చిన్న పెట్టెలోకి పంపితే అది తట్టుకోలేదు. పూసలదారం తెగినట్టు ఆమె ఆలోచనలన్నీ ఒక్కసారిగా చెదిరాయి.

"మామయ్యా! ఇది మీరే పెట్టిన్రా?"

దశరథం ఆమె ముఖంలోకి చూశాడు. ఒక క్షణం ఆగి, తల ఊపాడు.

"ఎందుకు? ఎందుకు ముట్టుకున్నరు? నేను మిమ్మల్ని అడిగిన్నా?" ఆమె గొంతు పెరిగింది. "రెండేండ్ల సంది చూస్తున్న. నేను తీగ మీద వేలు పెడితే మీకు పడదు. లేచి పోతరు. బాగుందనకున్నా పాయె, చెత్తగున్నదన్నా అనలే. ఇయ్యాల నాకు ఒక్క పాట వచ్చింది. ఒక్కటే ఒక్కటి! దాన్ని కూడా కాలబెట్టిన్రు."

అలికిడికి కౌసల్యమ్మ తడి చేతులతోనే వచ్చింది. "ఏందే ఆ మాటలు? ఎవరితోని మాట్లాడుతున్నవు?"

"చూడు అత్తమ్మా, మామయ్య ఏం చేసిండో. వైరు తప్పు పెట్టి మొత్తం పాడుచేసిండు."

దశరథం ఒకసారి భార్య ముఖం, ఒకసారి కోడలి ముఖం చూశాడు. చేతిలో వైరును మెల్లగా టేబుల్ మీద పెట్టాడు. ఏమీ అనకుండా గది దాటి మెట్లెక్కి మిద్దె మీదికి పోయాడు. ఆ మౌనం అనుపమ కోపాన్ని ఇంకా రాజేసింది.

"చూసినవా? జవాబు కూడా లేదు!"

కౌసల్యమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని టేబుల్ దగ్గరికి వచ్చింది. వైరు ఎక్కడి నుంచి ఎక్కడికి ఉందో వేలితో చూపించి అడిగి తెలుసుకుంది. విన్నాక కోడలి కళ్లలోకి సూటిగా చూసింది.

"నేను నీ లెక్క చదువుకోలే. కానీ ముప్పై ఏండ్లు ఆ మనిషి సామాను తుడిచినదాన్ని. స్పీకర్‌కు పోయే వైరు తెచ్చి మైకు పెట్టే తావుల పెట్టొద్దని నాకే ఎరుక. పందిట్ల లైటు లేకున్నా చేత్తోని తడిమి వైర్లు కలిపినోడు ఆయన. నిద్రల లేపినా గా తప్పు చెయ్యడు. నువ్వే చెప్పు, ఆయన చేసిండంటవా?"

అనుపమ మళ్లీ ఆ వైరు వైపు చూసింది. ఆ ప్రశ్న నిజమే. అంత పని తెలిసిన మనిషి ఇంత చిన్న తప్పు ఎలా చేస్తాడు?

అప్పటిదాకా తలుపు చాటున నిలబడ్డ గోవర్ధన్ ముందుకు వచ్చాడు. స్నానం చేసినట్టు తల తడిగా ఉంది.

"అనూ... బాపు కాదు. నేను."

"ఏంది?"

"నువ్వు అట్ల అని పోయినవు గద. మనసున పట్టలే. నువ్వొచ్చే వరకు రెడీ చేసి పెడదామనుకున్న. ఆంప్‌కు వైరు ఉండనే ఉంది, దాని కొస స్పీకర్‌ల నుంచి తీసి దీంట్ల పెట్టిన. స్విచ్ వేసి తీగ ఒకసారి గుంజిన. ఎర్ర లైటు వచ్చింది, వాసన వచ్చింది. భయమై స్విచ్ బంద్ చేసి బయటికి పోయిన. బాపు వాసనకు వచ్చి వైరు తీసిండు. గంతే."

"మరి ఇందాక నేను ఆయన్ని అంతలేసి మాటలంటుంటే నువ్వు తలుపు చాటున్నే ఉన్నవా?"

గోవర్ధన్ తల దించుకున్నాడు.

అతన్ని అనడానికి అనుపమకు హక్కు మిగిలినట్టు అనిపించలేదు. గడియారం పది నలభై చూపిస్తోంది. ఆమె మెట్ల వైపు నడిచింది.

*

నీళ్ల ట్యాంకు నీడలో పిట్టగోడకు ఆనుకుని దశరథం అటు తిరిగి కూర్చున్నాడు. దూరంగా రన్‌వే వైపు ఆకాశం ఖాళీగా ఉంది. గల్లీలో కూడా అలికిడి లేదు.

"మామయ్యా," అంది అనుపమ వెనక నుంచి. "తప్పయింది. గోవర్ధన్ చెప్పిండు. తెలుసుకోకుండ మాట జారిన. పెద్ద మనసు చేసుకొని మన్నించున్రి."

ఆయన కదల్లేదు.

"కోపం వస్తే తిట్టున్రి. గిట్ల మాట్లాడకుండ మాత్రం ఉండకున్రి మామయ్యా."

అప్పుడూ ఆయన వెనక్కి తిరగలేదు. ఏడుపు ఆపుకుంటూ ఒక అడుగు ముందుకు వేసింది. బట్టల తీగ కింద ఉన్న ఇనుప బకెట్ ఆమె కాలికి తగిలి బోర్లా పడింది. ఆ చప్పుడుకు ట్యాంకు మీద పావురాలన్నీ రెక్కలు కొట్టుకుంటూ లేచాయి. పక్కింటి కుక్క మొరిగింది.

దశరథం భుజం కూడా కదల్లేదు.

అనుపమ అక్కడే ఆగిపోయింది. మెల్లగా చుట్టూ తిరిగి ఆయన ఎదుటికి వచ్చింది. ఆయన ఉలిక్కిపడ్డాడు.

"ఎప్పుడొచ్చినవు బిడ్డా?"

"మామయ్యా... మీకు వినబడతలేదా?"

ఆయన కళ్లు ఆమె పెదవుల మీద నిలిచాయి. తర్వాత తల కొద్దిగా తిప్పి ఎడమ చెవి ఆమె వైపు పెట్టాడు. "జర ఈ దిక్కు నుంచి చెప్పు."

ఆమె ఆయన ఎడమ పక్కకు వచ్చి మోకాళ్ల మీద కూర్చుని మళ్లీ అడిగింది.

"కుడిది మొత్తం పోయింది. దీంట్ల జరంత ఉన్నది. దగ్గరికొస్తే వినబడతది," అన్నాడు. "మంఖాల్‌ల ఒక పెండ్లి. మైకు కూత పెడుతున్నదట. పందిట్ల అందరు చెవులు మూసుకున్నరు. నేను మిషన్ పక్కన్నే కూసున్న. నాకు తెల్వలే. పిల్ల తండ్రి ఉరికొచ్చి వైరు గుంజేసి, తాగినవా అన్నడు. జీవితంల చుక్క ముట్టనోన్ని. మర్నాడు దుకాణం బంద్ పెట్టిన."

"ఇంట్ల ఎవ్వరికీ చెప్పలేదా?"

"ఏమని చెప్పాలె? మైక్ సెట్ దశరథానికి చెవుడు వచ్చిందనా?"

అనుపమ కళ్లు తుడుచుకుంది. "మరి నేను వాయిస్తుంటే లేచి పోయేది..."

"ఎదురుంగ కూసుంటే, మామయ్యా ఎట్లున్నదని అడుగుతవు. బాగున్నదంటే అబద్ధం. వినబడలేదంటే ఇజ్జత్ పాయె. అందుకే మీదికొచ్చేది. నీ చెయ్యి తీగల మీద ఎట్ల ఆడుతదో మెట్లు ఎక్కే ముందు కిటికీలకెల్లి చూసిన బిడ్డా. అట్ల ఆడే చెయ్యి చెడ్డగ వాయించదు."

రెండేళ్లుగా ఆమె ఎదురుచూసిన మాట అదే. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన ఇబ్బందిగా ఆమె తల నిమిరి, "ఆ పెట్టె మొత్తం పోయిందా? ఒక దిక్కే పోయిందా?" అని అడిగాడు.

"తెల్వదు. నాకు చేతులు ఆడతలేవు మామయ్యా. మీరు రావాలె."

"చెవులు లేనోడు ఏం పనికొస్తడు?"

"వినేది నేను వింట. మీరు చూసి చెప్పున్రి. పదకొండు దాటింది."

దశరథం పంచె దులుపుకుని లేచాడు.

*

గదిలోకి వచ్చి ఆయన కళ్లద్దాలు పెట్టుకున్నాడు. ఆంప్ వెనక భాగాన్ని తన వైపు తిప్పుకుని ఒక్కో సాకెట్ కింద రాసి ఉన్నది అనుపమతో చదివించాడు. స్పీకర్ అని ఉన్న దాన్నుంచి పొట్టి వైరు పీకి, అవతలి కొసతో సహా గోవర్ధన్ చేతిలో పెట్టాడు. "దీన్ని దూరం పెట్టు."

తహ్రీమ్ ఇచ్చిన వైరును, రికార్డింగుకు తక్కువ జోరుతో శబ్దం పంపే లైన్ అవుట్ సాకెట్‌లో పెట్టించాడు. రెండో కొస ఇంటర్‌ఫేస్‌లో రెండో సాకెట్‌కు. "మొదటిది సచ్చింది, దాని జోలికి పోకు. రెండోదానికి దెబ్బ తగలలే అనుకుంట. మైకుకు కరెంటిచ్చే బటన్ ఉంటది గద, అది బంద్ ఉండాలె. గిటారు సీదా పెట్టే బటన్ కూడా బంద్. ఇది లైన్ లెక్క రావాలె. శబ్దం పెంచే గుండీలు రెండూ మొత్తం తగ్గించు. ఇగ ఆంప్ వెయ్యి."

అనుపమ హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. గిటారు వినిపించింది! అయితే దాని కింద సన్నగా ఒకటే గుయ్‌మనే మోత. ఆమె ముఖం వాడిపోయింది. ఆ సంగతి ఆయనకు చెప్పేలోపలే దశరథం వంగి ఇంటర్‌ఫేస్ మీది ఆకుపచ్చ లైటును చూస్తున్నాడు.

"నువ్వు తీగ ముట్టకుండనే ఇది మిణుకుమంటున్నది ఎందుకు? మోత వస్తున్నదా?"

"వస్తున్నది," అంది ఆయన ఎడమ చెవి దగ్గరికి వంగి.

"ల్యాప్‌టాప్ చార్జర్ పీకు. దాని కరెంటు మోత కావచ్చు."

గోవర్ధన్ ప్లగ్గు లాగేశాడు. లైటు ఆరిపోయింది. చెవుల్లో మోత కోసేసినట్టు ఆగింది. అనుపమ ఆశ్చర్యంగా ఆయన వైపు చూసింది. తాను విని కూడా కనిపెట్టలేని దాన్ని ఆయన చూసి పట్టుకున్నాడు.

"బ్యాటరీ ఎంతున్నది?" అడిగాడు గోవర్ధన్.

"ఇరవై రెండు."

అనుపమ గిటారు సర్దుకుంది. ఆమె మొదలుపెట్టింది. మొదటిసారి తప్పు పోయింది. రెండోసారి చరణం దాకా వచ్చి ఆగిపోయింది. బ్యాటరీ పదకొండుకు వచ్చింది. దశరథం ఆమె ఎదుట కూర్చుని లైటు మీద నుంచి చూపు తిప్పలేదు. లైటు పసుపుకు వస్తే వేలితో తగ్గించమని సైగ చేస్తున్నాడు. మూడోసారి ఆమె కళ్లు మూసుకుని వాయించింది. సరిగ్గా రెండో చరణం దగ్గర ఇంటి మీదుగా విమానం దిగింది. అల్మారాలో గ్లాసులు వణికాయి. ఆమె చెయ్యి ఆగలేదు.

రికార్డయినదాన్ని మొదటి నుంచి విన్నది. గిటారు ఒక్కటే ఉంది. విమానం లేదు. పంపించేసరికి పన్నెండూ యాభై. బ్యాటరీలో నాలుగు మిగిలింది.

గుమ్మంలో నిలబడి చూస్తున్న కౌసల్యమ్మ, "చాయ్ తాగుతవా?" అని భర్తను అడిగింది. ఆయన పలకలేదు. ఆమె రోజూలాగే మొహం చిట్లించబోయింది. అంతలో అనుపమ వంగి ఆయన ఎడమ చెవిలో, "చాయ్ తాగుతరా అని అత్తమ్మ అడుగుతున్నది," అంది. "ఆ, పెట్టమను," అన్నాడాయన వెంటనే.

కౌసల్యమ్మ అక్కడే నిలబడిపోయింది. కోడలి ముఖం చూసింది, భర్త చెవి చూసింది. ఎవరూ చెప్పకుండానే ఆమెకు అంతా అర్థమైంది. వచ్చి భర్త ఎడమ పక్కన కూలబడింది.

"ఎన్ని దినాల సంది?"

"రెండేండ్లు."

"అయ్యో నా తండ్రీ! మొండితనం అనుకున్న. పిలిస్తే పలకడు, ఎంత పొగరు అనుకున్న. దినాం పొద్దున్నుంచి తిడుతనే ఉంటిని. అవన్నీ గాలికేనా?"

"కొన్ని వినబడ్డయి," అన్నాడు దశరథం నెమ్మదిగా. "గట్టిగ తిట్టినవి."

అనుపమకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అప్పుడే ఫోను మోగింది. షుజాత్ మెసేజ్. "సాఫ్‌గ ఉంది. ఒక్క విమానం లేదు. వచ్చే వారం ఇంకో పాట ఉంది, ఖాళీ ఉంచుకో." ఆమె దాన్ని దశరథానికి చూపించింది. ఆయన రెండుసార్లు చదువుకున్నాడు.

గోవర్ధన్ తండ్రి పక్కకు వచ్చి నేల మీద కూర్చున్నాడు. ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి, "బాపూ, అది కాలబెట్టింది నేనే. నిన్ను అంటుంటే చాటున నిలబడ్డ," అన్నాడు.

"ఎరుకే. నువ్వు వెనక తలుపులకెల్లి ఉరికేది చూసిన."

"మామయ్యా! తెలిసి కూడా నేనడిగితే మీరే పెట్టినట్టు తల ఊపిన్రా?" అంది అనుపమ.

"నీ ముఖం చూస్తే నువ్వేం అడుగుతున్నవో తెలిసింది బిడ్డా. వాడంటే వాని మీద పడ్తవు, ఇద్దరికి దినమంతా లొల్లి. నా మీద పడితే నాకెట్లాగు వినబడదు గద అని తల ఊపిన."

గోవర్ధన్ తండ్రి మోకాలి మీద తల పెట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. కౌసల్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివరికి తనే తేరుకుని, ముక్కు చీదుకుని లేచింది.

"రేపు పొద్దుగాల్నే దవాఖానకు పోదాం. చెవుల మిషనో ఏందో పెట్టించుకో. ఈ రెండేండ్ల తిట్లు నేను మళ్లీ మొదటికెల్లి తిట్టాలె, నువ్వు ప్రతి ఒక్కటి వినాలె."

"నువ్వు తిడుతనంటే నేను రాను పో."

"వస్తరు," అంది అనుపమ. "నేను తోలుకపోత."

చాయ్ వచ్చింది. అందరికీ గ్లాసులు అందాక, అనుపమ తన కుర్చీని ఎత్తి తెచ్చి మామగారి ఎడమ పక్కన వేసుకుని కూర్చుంది.